ఎడమ పక్కన ఆగిన ఆటో

ఆటో తాళంచెవి కనబడలేదు.

మమత బియ్యం డబ్బాలో చెయ్యి పెట్టి చూసింది. పరుపు ఎత్తి చూసింది. దేవుడి అల్మారాలో పసుపు డబ్బా వెనక కూడా చూసింది. ఖాజాగూడలో రెండు గదుల కిరాయి ఇల్లు. అంత ఇంట్లో ఒక వస్తువు పోయిందంటే అది తనంత తాను పోయింది కాదు, ఎవరో దాచిందే. దాచిన మనిషి గడపలో కూర్చుని బూట్లకు పాలిష్ పెడుతున్నాడు. పెట్టిన బూటుకే మళ్ళీ పెడుతున్నాడు.

"ఏడ పెట్టినవ్?" అంది మమత.

ఆమె మొగుడు రాజేందర్ తలెత్తలేదు. ఈ ఒక్కపూట ఆటో తీయొద్దన్నాడు. మధ్యాహ్నం మీటింగు అయిపోయాక నీ ఇష్టమన్నాడు. మంచిగానే చెప్పాడు. ఆ మంచితనమే మమతకు ఒళ్ళు మండించింది. మామ పోయిన దగ్గర్నుంచి ఈయన అన్నీ మంచిగానే చెబుతున్నాడు, ఒక్కటీ సరిగ్గా చెప్పడం లేదు.

మామ అంటే మమత తండ్రి మొగిలి. ఆయన పోయి ఇంకా నెల తిరగలేదు. గుండ్ల చౌరస్తాలో అద్దాల మేడ గేటు దగ్గర సెక్యూరిటీ పని. సాయంత్రం డ్యూటీ దిగి, నడిచే మనిషి బొమ్మ పచ్చగా వెలిగాకే రోడ్డు మీది తెల్ల గీతల మీద కాలు పెట్టాడు. నేరుగా పోయే బండ్లన్నీ ఎర్ర దీపానికి ఆగాయి. ఎడమకు తిరిగే కారు ఆగలేదు. అక్కడ ఎడమకు తిరిగేవాళ్ళు ఎర్ర దీపం ఉన్నా ఆగక్కర్లేదు. ఫ్రీ లెఫ్ట్ అంటారు. ఆ కారు మొగిలిని కొట్టి, అదే ఎడమకు తిరిగి వెళ్ళిపోయింది. నంబరు ఎవరూ చూడలేదు. కెమెరా ఉంది గానీ, అది నేరుగా పోయే బండ్లను చూస్తోంది.

కొట్టినవాడు దొరకలేదని పగ ఊరుకోదు. మరొకణ్ణి వెతుక్కుంటుంది. మమతకు దొరికినవాడు ఉదయ్ భాస్కర్. ట్రాఫిక్ ఇంజనీరు. ఈ చౌరస్తాలో ఎడమకు ఆగకుండా పోనివ్వొచ్చని లెక్క కట్టి చెప్పింది ఆయనే.

మొగిలి పోయాక పోలీసులు అక్కడ ఒక బోర్డు కట్టారు. ఎడమకు తిరిగేవాళ్ళు కూడా సిగ్నల్ చూసే తిరగాలని. నలుగురి మాట విని, ఆ బోర్డు ఉంచాలో తీసేయాలో మీటింగులో తేలుస్తామన్నారు. బోర్డునైతే ఎవరూ ఖాతరు చేయలేదు, మమత తప్ప. ఎడమ సందు ఒక్క బండి పట్టేంతే. ఆమె రోజూ పొద్దున్నే కొత్తగూడలో ఉదయ్ భాస్కర్ అపార్ట్‌మెంటు బయట కాచుకుని, తన కరెంటు ఆటోను ఆయన కారు ముందుకు దూర్చి, ఆ సందులో ఎర్ర దీపం పడగానే ఆపేస్తోంది. వెనక హారన్లు మోగుతాయి. ఆమె అద్దంలో ఆయన మొహం చూస్తూ కూర్చుంటుంది. చట్టం పక్కన నిలబడి పగ తీర్చుకోవడంలో ఒక సుఖం ఉంది. ఎదుటివాడికి గట్టిగా తిట్టే హక్కు కూడా మిగలదు.

ఆ వరసలో ఆయన ఒక్కడే ఉండడు గదా. రాజేందర్ నడిపే క్యాబూ, కంపెనీ ఉద్యోగులను తెచ్చే మిగతా క్యాబులూ అదే దారి. అవి ఆలస్యమైతే ఆ ట్రిప్పు లెక్కలోకి రాదు, డబ్బులు రావు. నీ పెండ్లాన్ని ఆపుకొమ్మని నిన్న స్టాండులో డ్రైవర్లంతా రాజేందర్ మీద పడ్డారు. తాళంచెవి మాయమైంది అందుకేనని మమత అనుకుంది.

మమత తల్లి సత్తెమ్మ వంటింటి గుమ్మంలో కూర్చుని కూతురి టిఫిన్ బాక్సుకు మూత పెడుతోంది. ఈ ఇంట్లో పగ మమతదని అందరూ అనుకుంటారు గానీ, అది ఆరకుండా కనిపెట్టుకుని ఉన్నది సత్తెమ్మే. పదకొండో రోజు చుట్టాలంతా చేతులు కడుక్కుంటుంటే, కూతుర్ని మొగిలి ఫోటో ముందుకు తీసుకుపోయి దీపం ముట్టమంది. నాయిన చావులో ఎవరి చెయ్యి ఉన్నా విడిచిపెట్టనని చెప్పించింది. మమత చెప్పాకే తాను నోట్లో మెతుకు పెట్టుకుంది.

బయట బైకు ఆగిన చప్పుడైంది. స్టాండు పెద్ద మహేందర్. ఇంట్లోకి రావడానికి మొహం చెల్లక వాకిట్లోనే నిలబడి రాజేందర్‌ను పిలిచాడు.

"మీటింగుల మాట్లాడేది యాదికున్నదా తమ్మీ? నువ్వు లేస్తెనే వజనుంటది. మొగిలి అల్లుడే ఫ్రీ లెఫ్ట్ తెరువుమన్నంక ఇగ ఎవడు కాదంటడు?"

వంటింటి గుమ్మంలో గిన్నెల చప్పుడు ఆగిపోయింది. ఆ మాట ఎవరి చెవిన పడకూడదో వాళ్ళ చెవినే పడిందని మహేందర్‌కు అర్థమైంది. జర జల్దీ రమ్మని గొణిగి బైకు తిప్పుకుని వెళ్ళిపోయాడు.

మమత మొగుడి ముందుకొచ్చి నిలబడింది.

"నువ్వు మాట్లాడుతవా?"

"మాట్లాడుత."

"మా నాయినను కొట్టిన తొవ్వ తెరువుమని?"

"అవ్."

పక్కవాళ్ళు ఎవరో ఈ మాట చెప్పి ఉంటే వాళ్ళ చెంప పగలగొట్టేది. మమత రాజేందర్ మొహంలో సిగ్గు వెతికింది. అక్కడ సిగ్గు లేదు. ఏదో ఉంది, అదేమిటో ఆమెకు తెలియలేదు.

సత్తెమ్మ మాత్రం లేచి వచ్చింది. ఆమె కోపంలో గొంతు పెంచే మనిషి కాదు. గొంతు తగ్గిస్తుంది.

"నీ కాలిరిగి దవాఖానల పడ్డనాడు పొద్దుందాక డ్యూటీ చేసి, రాత్రంత నీ మంచం కాడ కూసున్నడు మొగిలి. నీ కన్నతండ్రి గూడ గంతసేపు కూసోలే. గసొంటోని పానం తీసిన తొవ్వకు నువ్వు వకీలువా బిడ్డా?"

రాజేందర్ చేతిలో బ్రష్షు ఆగింది.

"అత్తా, మామ పానం గాడ పోలే."

"గాడ కొట్టింది, దవాఖానల పోయిండు. ఏమన్న ఫరక్ ఉన్నదా?"

అతను బ్రష్షు పక్కన పెట్టాడు. అత్త వైపు చూశాడు, భార్య వైపు చూశాడు. లేచి చొక్కా జేబులోంచి తాళంచెవి తీసి గడప మీద పెట్టాడు. జేబులోనే ఉందని తెలిసేసరికి మమతకు మరింత అవమానమైంది.

"తీస్కపో. గని ఆ ఆటో ఎనుక..." అని ఆగాడు.

ఆ మాటతో మమత కళ్ళు ఎర్రబడ్డాయి. ఆటో వెనక పసుపుపచ్చ అక్షరాలతో 'నాయిన దీవెన' అని ఉంటుంది. అమ్మ దీవెన అని అందరూ రాయించుకుంటారు, నా బిడ్డ బండికి నా పేరే ఉండాలని మొగిలి పట్టుబట్టి రాయించాడు. అంతకుముందు బాలానగర్ వర్క్‌షాపులో పనిచేసినప్పటి దోస్తు ఒకతను పెయింటర్. పనిగట్టుకుని అక్కడిదాకా ఆటో తోలించుకుపోయి, అక్షరం అక్షరానికి వంకలు పెట్టి దిద్దించాడు. నాలుగు బండ్ల అవతలి నుంచి కూడా చదవగలిగేంత పెద్దగా రాయించాడు. పోయిన వారం ఒక పొద్దున రాజేందర్ బ్లేడు పట్టుకుని ఆ అక్షరాలను గోకుతుంటే మమత చూసింది. ఎందుకని అడిగితే చెప్పలేదు. ఆనాటి నుంచి ఆమె తల్లి పక్కనే పడుకుంటోంది.

"ఆ అక్షరాల మీద చెయ్యి ఏస్తే నీకు నాకు ఉన్నది తెగిపోతది," అంది మమత.

అతను బూట్లు తొడుక్కుని వెళ్ళిపోయాడు. పాలిష్ ఒక బూటుకే మెరుస్తోంది.

* * *

మధ్యాహ్నం తల్లిని ఆటోలో ఎక్కించుకుని మమత మీటింగుకు బయలుదేరింది. గుండ్ల చౌరస్తా దగ్గర ఎడమ సందులోకి వచ్చేసరికి ఎర్ర దీపం పడింది. ఆమె ఆపింది. ఒక్కసారిగా వెనక హారన్లు మొదలయ్యాయి. ఒక బైకువాడు కాలిబాట ఎక్కించి పక్కనుంచి పోతూ, దీపం బొమ్మ చూసుకుంటూ కూర్చున్నావా అని వెక్కిరించాడు. ఈ మహానగరంలో ఎర్ర దీపానికి ఆగినవాళ్ళే అందరికీ వింతగా కనబడతారు.

వెనక సీటులో సత్తెమ్మ కొంగు సర్దుకుంది.

"ఉండు బిడ్డా. కదలకు," అంది తృప్తిగా.

ఆ హారన్లు తల్లీకూతుళ్ళిద్దరికీ మంగళవాద్యాల్లా వినబడ్డాయంటే అబద్ధం కాదు.

కమ్యూనిటీ హాలు నిండిపోయింది. ఒక పక్క క్యాబ్ డ్రైవర్లు, ఇంకో పక్క అపార్ట్‌మెంట్ల వాళ్ళు, వెనక వరసల్లో డ్యూటీ బట్టల్లోనే వచ్చిన సెక్యూరిటీ, హౌస్‌కీపింగు మనుషులు. సత్తెమ్మ ముందు వరసలో కూర్చుంది. వేదిక మీద అధ్యక్షత వహించిన ఆఫీసరు అందరూ రెండేసి నిమిషాల్లో ముగించాలని చెప్పి, తాను మాత్రం చాలాసేపు మాట్లాడాడు.

తర్వాత ఉదయ్ భాస్కర్ లేచాడు. ఇన్నాళ్ళూ అద్దంలో చూసిన మొహాన్ని మమత మొదటిసారి ఎదురుగా చూసింది. అనుకున్నంత దుర్మార్గంగా లేదు. అది ఆమెకు నచ్చలేదు.

ఆయన తెర మీద బొమ్మలు చూపిస్తూ చెప్పాడు. ఎడమ సందు ఆగితే ఎడమకు పోయేవాళ్ళు మాత్రమే ఆగరు, వాళ్ళ వెనక బస్సులు ఆగుతాయి, వాటి వెనక అంబులెన్సు ఆగుతుంది. పెట్రోలు కాలుతుంది, పొగ లేస్తుంది. తెరిస్తే ఇవన్నీ కదులుతాయి. కానీ తెరిచినచోట డ్రైవరు కుడి నుంచి వచ్చే బండ్లనే చూసుకుంటూ ఎడమకు తిప్పుతాడు, కాలిబాట దిగే మనిషి అతని కంట పడడు. పచ్చ బొమ్మను నమ్మి దిగినవాడికి దిక్కులేదు. అంటే తొందర ఒకరికి, ప్రమాదం మరొకరికి. ఈ రెండింటినీ ఒకే తక్కెడలో తూచాల్సి వస్తోందని ఆయన అన్నాడు.

మమత లేచింది. ఈ ప్రశ్నను రోజులతరబడి లోపల నూరుకుంటూ వచ్చింది.

"సార్, మీ అమ్మను ఆ గీతల మీద ఒక్కదాన్ని నడువనిస్తరా?"

హాలు అటు తిరిగింది. ఆమె ఎవరో ఆయన పోల్చుకున్నాడు. రోజూ తన ముందు ఆగే ఆటో ఎవరిదో, ఎందుకు ఆగుతోందో అప్పుడు అర్థమైనట్టుంది. చేతిలోని కాగితాలు బల్ల మీద పెట్టేశాడు.

"మా అమ్మగారు నడవరండి, కార్లోనే వెళ్తారు. నా పొరపాటు కూడా అక్కడే ఉందండి. ఆఫీసులు తెరిచే వేళ నిలబడి మనుషుల్ని లెక్కపెట్టాం. అప్పుడు నడిచేవాళ్ళే కనబడలేదు. సెక్యూరిటీ వాళ్ళు, హౌస్‌కీపింగు వాళ్ళు డ్యూటీ మారే వేళకి మేమెవరమూ అక్కడ లేమండి. మీ నాన్నగారు నా లెక్కలోకి రాలేదమ్మా."

వెనక వరసల్లో చప్పట్లు మొదలయ్యాయి. మమత కూర్చుంది. ఇన్నాళ్ళ నుంచి గుండెల్లో కాగుతున్నదానికి మొదటిసారి చల్లటి నీళ్ళు తగిలాయి. నలుగురిలో తప్పు ఒప్పుకున్నాడు. ఇక ఎడమ సందు మూత పడుతుంది. సత్తెమ్మ ముందు వరసలోంచి వెనక్కి తిరిగి కూతుర్ని చూసింది. ఆ చూపులో ఉన్నది ఆనందమే. ఆడమనిషికి పగ ఎందుకనేవాళ్ళు ఆ క్షణాన సత్తెమ్మను చూసి ఉండాల్సింది.

అప్పుడు మహేందర్ భుజం తడితే రాజేందర్ లేచాడు.

మైకు తీసుకుని తన బూట్ల వంక చూసుకున్నాడు. డ్రైవర్లు గుసగుసలాడారు. మమత అతన్నే చూస్తోంది. నోరు తెరువు చూద్దాం అన్నట్టు చూస్తోంది.

"నేను మొగిలి అల్లున్ని," అన్నాడు చివరికి. "ఆనాడు అంబులెన్సు వరుసల ఇరుక్కున్నది. మామను నా బండ్లనే ఏసుకుని దవాఖానకు తీస్కపోయిన. ఎనుక సీట్ల పండబెట్టిన. పానం ఉండె. మంచిగ మాట్లాడుతుండె."

మమతకు ఇది కొత్త సంగతి. దవాఖానలో పోయాడని చెప్పాడే గానీ, దారిలో మాట్లాడాడని అతను ఇంట్లో ఎప్పుడూ చెప్పలేదు.

"దవాఖాన ముందరి సిగ్నల్ దాటి ఎడమకు తిరిగితే గేటే. ఆడ ఫ్రీ లెఫ్ట్ లేదు. ఎర్ర లైటు పడ్డది. వరుసల మొదటి బండి ఆగింది. చెయ్యి తియ్యకుంట హారన్ కొట్టిన. ఆ బండి కదలలే. పచ్చ లైటు పడేటాలకు మామ మాట్లాడుతలేడు."

ఉదయ్ భాస్కర్ తల వంచుకున్నాడు.

"తొవ్వ తెరిచి ఉన్నకాడ మామను కొట్టింది. మూసి ఉన్నకాడ ఆపింది. నాకు గీ రెండే తెలుసు సార్. ఎర్ర లైటుకు ఆగినోళ్ళది తప్పు గాదు. ఆగుమని చెప్పినోళ్ళు జర సోంచాయించాలె."

మమత లేచి నిలబడింది. ఎవరూ ఆమెకు మైకు ఇవ్వలేదు, ఆమెకు అక్కర్లేదు.

"ముందున్నోడెవడు?"

రాజేందర్ ఆమె వైపు చూడలేదు.

"ఎనుక మనిషి సస్తుంటే బండి జరపనోడెవడు? నీకు యాదికున్నది. నీ మొకం చూస్తే తెలుస్తున్నది. చెప్పు."

"తెలిస్తె చెప్పు బిడ్డా," అంది సత్తెమ్మ కూడా. "కొట్టినోడు దొరకలే. ఆపినోడన్న దొరకాలె."

అతను మైకు బల్ల మీద పెట్టి బయటికి నడిచాడు. హాలంతా ఒక్కసారి గోలెత్తింది. ఆఫీసరు చేతులూపి, టీ తాగి మళ్ళీ కూర్చుందామన్నాడు. మన సభల్లో ఎంతటి నిజం బయటపడినా మధ్యలో టీ రావడం ఖాయం.

* * *

రాజేందర్ ప్రహరీ గోడ నీడలో నిలబడ్డాడు. మమత ఆటో అక్కడే ఉంది. ఆమె అతని వెనకే వచ్చింది.

"కారా?"

అతను ప్రహరీ గోడకు చేరబడ్డాడు.

"నంబరు యాదికున్నదా?"

"ఉన్నది."

"మరి ఎవన్ని కాపాడుతున్నవ్? మీ స్టాండోడేనా? మహేందరా?"

"మమతా, ఇడిసిపెట్టు. చెయ్యి మొక్కుత."

"నేను దీపం ముట్టిన. నాయిన సావుల ఎవరి చెయ్యి ఉన్నా ఇడువ. నువ్వు చెప్పకపోతే నువ్వు గూడ వాని దిక్కే అనుకుంట. ఇయ్యాల్టి నుంచి నా ఇంట్ల అడుగుపెట్టకు."

రాజేందర్ ఆటో వెనక్కి నడిచాడు. పసుపుపచ్చ అక్షరాల మీద తన బ్లేడు గీతలు కనబడుతున్నాయి. వాటి మీద అరచెయ్యి ఆనించి నిలబడ్డాడు.

"దిగి ఉరుకుదమని డోరు తెరిచిన. నడుమ రెండు కార్లే ఉండె. మామ నా అంగి పట్టుకున్నడు. పోకు అన్నడు. జర తల లేపి అద్దంలకెల్లి ముందరికి సూసిండు. హారన్ కొట్టకు కొడుకా అన్నడు. అది మా మమత. మా మమత ఎర్ర లైటు దాటది అన్నడు. నవ్విండు."

మమతకు ముందు అర్థం కాలేదు. అర్థం చేసుకోవడానికి మనసు ఒప్పుకోలేదని చెప్పడమే సరి. తర్వాత ఆటో అంచు పట్టుకుంది.

ఆ సాయంత్రం ఆమెకు బాగా గుర్తుంది. దవాఖాన ముందు సిగ్నల్లో వరసకు మొట్టమొదట ఆగింది తనే. వెనక సీటులో బ్యాగులు తగిలించుకున్న ఇద్దరు ఆడపిల్లలు ఉన్నారు. వెనకెవరో ఆపకుండా హారన్ కొడుతున్నారు. ఆంటీ, ఎవరో అర్జెంటులో ఉన్నట్టున్నారని ఒక పిల్ల అంది కూడా. హైదరాబాదులో అర్జెంటు లేనిదెవరికి అని తను నవ్వింది. హ్యాండిల్ పక్క డబ్బాలో పెట్టిన ఫోను గురగురమంది. బండి నడుస్తుంటే ఫోను ఎత్తకూడదని ట్రైనింగులో చెప్పారు, ఎత్తలేదు. రూలు ఒక్కటి కూడా తప్పకుండా నడిపే డ్రైవరునని తనకు గర్వం. నాయినకూ గర్వం. పచ్చ దీపం పడగానే ఎడమకు తిరిగి, దవాఖాన గేటు దాటి, ఆ పిల్లల్ని హాస్టలు దగ్గర దించి, ఆ తర్వాత ఫోను చూసుకుంది.

"అది నేనే," అంది. ఆ గొంతు ఆమెకే వినబడనంత చిన్నగా ఉంది.

రాజేందర్ తల ఊపాడు.

"నేను జరిగితే బతుకుతుండెనా?"

"తెల్వదు."

"డాక్టరేమన్నడు?"

"జర ముందు తెస్తే సూస్తుంటిమన్నడు. అందరికి గదే అంటరు. ఎవరికి తెల్వదు మమతా."

"మరెందుకు చెప్పలే? గిన్ని దినాలు నేను గదే ఆటో తీస్కపోయి, గట్లనే ఆపుతుంటే, చూసుకుంట ఎట్లున్నవ్?"

"చూడలేకనే గోకిన. చూడలేకనే తాళంచెవి దాచిన. అత్తకు తెలిస్తే నిన్ను బతకనియ్యది, నిన్ను నువ్వు గూడ బతకనియ్యవు." అతను మొహం తుడుచుకున్నాడు. "ఇయ్యాల ఎందుకు లేచిన్నంటే, రేపు నీ ఎనుక ఇంకెవని మామ ఉంటడో నాకేం ఎరుక?"

ఆమె కొట్టడానికి చెయ్యి ఎత్తింది. ఎవర్ని కొట్టాలో తెలియలేదు. ఆ చెయ్యి అలాగే దిగింది. ఇన్నాళ్ళూ ఎవరెవరి మీదికో పోయిన కోపమంతా వెనక్కి తిరిగి తన మీదికే వస్తుంటే, దానికి అడ్డం నిలబడే మనిషి లేడు. రాజేందర్ నిలబడబోయాడు. ఆమె అతన్ని పక్కకు జరిపింది.

లోపల మైకు గరగరమంది. టీ అయిపోయింది. మొగిలిగారి కూతురు మమతగారు మాట్లాడాలని ఆఫీసరు పిలుస్తున్నాడు.

"పోకు," అన్నాడు రాజేందర్. "పానం బాగలేదని చెప్త."

మమత కొంగుతో మొహం తుడుచుకుని లోపలికి నడిచింది.

హాల్లో అందరూ ఆమెకు దారిచ్చారు. డ్రైవర్లు తలలు దించుకున్నారు, హౌస్‌కీపింగు ఆడవాళ్ళు ఆశగా చూశారు. ఉదయ్ భాస్కర్ స్వయంగా మైకు తెచ్చి ఇచ్చాడు.

"మీరు ఎలా అంటే అలాగే రాసి ఇస్తానండి. అక్కడ ఎడమ పక్క మూసేయమంటారా, తెరవమంటారా? చెప్పండమ్మా," అన్నాడు.

పొద్దున ఇదే ప్రశ్న అడిగి ఉంటే ఆమె దగ్గర జవాబు ఉండేది. ఇప్పుడు మైకు పట్టుకుని గుమ్మం వైపు చూసింది. ముందు వరసలో సత్తెమ్మ ఆ చూపు పట్టుకుంది. కూతురి మొహం చూసింది. ఆ వెనక గుమ్మంలో తల పట్టుకుని నిలబడ్డ అల్లుణ్ణి చూసింది. ఆమెకు అర్థమైంది ఒక్కటే, పేరు దొరికిందని.

సత్తెమ్మ లేచి నిలబడింది. మొగిలి పోయిననాడు కూడా అంత నిటారుగా నిలబడలేదు.

"దొరికిండా బిడ్డా? పేరు చెప్పు. మూసుడు తెరుసుడు ఎనుక చూద్దం. ముందుగాల వాని పేరు చెప్పు, నలుగురు ఇననియ్యి. దీపం ముట్టినవు, యాదికున్నదా?"

గుమ్మంలోంచి రాజేందర్ వద్దన్నట్టు తల అడ్డంగా ఊపుతున్నాడు. ఆఫీసరు గడియారం చూసుకుంటున్నాడు. బయట రోడ్డు మీద ఎవరో ఆగకుండా హారన్ కొడుతున్నారు.

మమత మైకును నోటి దగ్గరికి తీసుకుంది.

"యాదికున్నదమ్మా," అంది. "చెప్త."